పదిహేను దగ్గర ఆగిన ముల్లు

వైర్లమ్మకి బావ మీద ఉన్న కోపం నిన్నా మొన్నటిది కాదు. ఎనిమిది నెలల కోపం. ఎదురుపడితే "ఏం బావా" అంటే "ఏం" అనుకోవడమే తప్ప అంతకుమించి ఒక్క మాట ఎక్కువ వాడేది కాదు. అలాంటిది ఆ ఉదయం షాపు షట్టరు ఎత్తేసరికి ఆయన లారీ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది, సిమెంటు బస్తాల లోడుతో సహా.

అసలు పేరు ఏదో ఉంది గానీ ఆ వీధిలో అందరికీ ఆవిడ వైర్లమ్మే. లారీలకి వైరింగు చేసే షాపు ఆవిడది. మెడలో టెస్టు ల్యాంపు వేలాడుతూ ఉంటుంది, కొప్పులో పిన్నుకి బదులు సన్న స్క్రూడ్రైవరు ఉంటుంది. నోరు పెద్దది. మనసు అంతకన్నా పెద్దదే, కాకపోతే ముందు బయటికి వచ్చేది నోరు కాబట్టి కొత్తవాళ్ళు కాస్త జడుస్తారు.

ఆ మాటకొస్తే, ఆవిడకి ఈ పని నేర్పింది ఈ బావే. తండ్రి పోయి, ఏం చెయ్యాలో పాలుపోని రోజుల్లో మరదలిని తీసుకెళ్ళి ఇంజను పక్కన నిలబెట్టి, స్పానరు పట్టుకునే ముందు కాసేపు వినమన్నవాడు. ఏ ఇంజనుకి ఏం జబ్బో, బండి వీధి మలుపు తిరగకముందే చెప్పేసేవాడు. అందుకే డ్రైవర్లు ఆయన్ని పాముచెవులాయన అంటారు. ఆయన మీద అంత గురి ఉండబట్టే, వైర్లమ్మకి కోపం కూడా అంత లావున వచ్చింది.

ఎనిమిది నెలల కిందట అక్కకి రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. అక్కచెల్లెళ్ళిద్దరే ఆస్పత్రికి వెళ్ళారు. ముక్క తీసి పరీక్షకి పంపి, వారం ఆగమన్నారు. ఆ సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళి, పొయ్యి దగ్గర నిలబడి భర్తకి విషయమంతా చెప్పింది. ఆయన గుమ్మంలో వీధివైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. అంతా చెప్పినా వెనక్కి తిరగలేదట. కాసేపటికి లేచి వచ్చి మంచినీళ్ళు అడిగాడట. అంతే. అక్క మళ్ళీ ఆ ఊసెత్తలేదు. వారం తర్వాత భయపడాల్సిందేమీ లేదని కాగితం వచ్చింది. ఆ కాగితం చెల్లెలికి చూపించింది గానీ భర్తకి చూపించలేదు. గోడకి చెప్పుకున్నా బాగుండేది, గోడ కనీసం మంచినీళ్ళు అడగదు అంది ఒక్కసారి.

అప్పటినుంచి ఆ ఇంట్లో మాటలు అడుగంటాయి. అక్క ఇప్పుడు ఆదివారం నాడు పెద్దకూతురి దగ్గరికి వెళ్ళిపోవడానికి సిద్ధంగా ఉంది. భర్తకి నాలుగు రోజులని చెప్పింది. ఇక తిరిగి రానని చెల్లెలికి చెప్పింది. వైర్లమ్మ బతిమాలింది, తిట్టింది, ఈ వయసులో ఇదేం పని అని ఏడ్చింది కూడా. ఏం లాభం, అక్క మెత్తగా ఉంటుంది గానీ ఒకసారి అనుకుందంటే అంతే. ఆ మనిషి ఒక్కసారి నోరు విప్పి ఒక్క మంచిమాట అంటే చాలు, అక్క ఆగుతుంది. ఆ ఒక్క మాట ఆయనచేత ఎలా అనిపించడమా అన్నదే వైర్లమ్మకి నిద్ర పట్టనివ్వని బెంగ. చేతిలో ఉన్నది మూడు రోజులు.

ఆ మనిషేమో గేజీలు బాగుచెయ్యమని వచ్చాడు.

రెండేళ్ళ కిందట బావ బజారులో రెండు గేజీలు కొనుక్కొచ్చి, ముందు అద్దం పక్క స్తంభానికి ఒకదాని కింద ఒకటి తనే బిగించుకున్నాడు. ఒకటి బూస్టు గేజి. టర్బో ఇంజనులోకి ఎంత గట్టిగా గాలి తోస్తోందో అది చెబుతుంది. రెండోది పొగ వేడి చెప్పేది. అవి బండితోపాటు కంపెనీ ఇచ్చినవి కావు. పాముచెవులాయనకి ఇవెందుకని డ్రైవర్లంతా అప్పట్లో తెగ నవ్వారు. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

ఇప్పుడు ఆ రెండింటికీ తిక్క పట్టింది. లైట్లు వేస్తే చాలు వేడి గేజి ముల్లు ఉలిక్కిపడుతోంది. బూస్టు గేజి, లోడుతో మిట్ట ఎక్కేటప్పుడు ఇరవై అయిదు చూపించాల్సింది, పదిహేను దగ్గర ఆగిపోతోంది. గేజీలే చెడిపోయాయన్నాడు బావ. ఇంజను నిక్షేపంలా ఉంది, చప్పుడులో వీసమెత్తు తేడా లేదన్నాడు. ఆయన చప్పుడులో తేడా లేదన్నాక ఇంక దానికి తిరుగేముంది? వైర్లమ్మ ఆ మాట అలాగే రాసుకుని పని మొదలుపెట్టింది.

డాష్‌బోర్డు కింద తల దూర్చి, వెల్లకిలా పడుకుని, లైట్లు వెయ్యమంది. బావ వెయ్యలేదు. మళ్ళీ చెప్పింది. ఉలుకూ పలుకూ లేదు. మూడోసారి ఇంక ఒళ్ళు మండి బయటికి వచ్చి చూస్తే, ఆయన స్టీరింగు ముందు కూర్చుని నింపాదిగా గేజి అద్దం తుడుచుకుంటున్నాడు. ఏమయ్యా మహానుభావా, నీకు విడిగా బొట్టుపెట్టి పిలవాలా అని అడిగింది. ఆయన ఆవిడ మొహంలోకి చూసి, అయ్యో, వేస్తున్నానుగా అని లైట్లు వేశాడు. అక్కకి ఎలా ఉంటుందో అప్పుడు తెలిసొచ్చింది వైర్లమ్మకి. పళ్ళు నూరుకుంటూ మళ్ళీ తల దూర్చింది.

వేడి గేజి ఉలికిపాటుకి కారణం అయిదు నిమిషాల్లో దొరికింది. ఎర్తు తీగని రంగు వేసిన బోల్టు కింద బిగించాడు, పైగా లైట్ల ఎర్తు కూడా దానికే తగిలించాడు. లైట్లు వెలిగినప్పుడల్లా గేజికి పూనకం వచ్చేది అందుకే. బోల్టు విప్పి, కింద రంగు గీకి, ఇనుము తళతళలాడేదాకా రుద్ది, గేజికి విడిగా ఒక ఎర్తు ఇచ్చింది. ముల్లు బుద్ధిగా నిలబడింది.

రెండో తప్పు చూసి మాత్రం నెత్తి కొట్టుకుంది. పొగగొట్టంలో ఉండే వేడి కొలిచే పుల్ల నుంచి గేజిదాకా వచ్చే తీగ మామూలు తీగ కాదు. అందులో రెండు వేరు వేరు లోహాలు ఉంటాయి, కొలత పుట్టేదే ఆ తేడా లోంచి. తీగ పొడుగు చాలలేదని బావ మధ్యలో రాగి తీగ వేసి అతికాడు. ఎంత అందంగా అతికాడంటే, టాంకా వేసిన అతుకు ముత్యంలా మెరుస్తోంది. పనివాడు కాబట్టే అంత శుభ్రంగా తప్పు చేశాడు. ఆ అతుకు ఇంజను పక్కన కాగుతున్నంతసేపూ గేజి అసలు వేడి కన్నా తక్కువ చూపిస్తుంది. రెండేళ్ళుగా ఆయన తక్కువ లెక్క చూసుకుంటూ బండి నడిపాడన్నమాట. ఈసారి ఆయన మొహానికి ఎదురుగా నిలబడి చెడామడా తిట్టింది. ఆయన అన్నీ విన్నాడు, తప్పు ఒప్పుకున్నాడు, ఒక్కమాట ఎదురు చెప్పలేదు. ఎదురుగా ఉంటే ఇంత మంచివాడు, వెనక నుంచి పిలిస్తే ఆ పొగరేమిటో ఆవిడకి అంతు పట్టలేదు.

సరైన తీగ వేశాక బూస్టు గేజి సంగతి చూసింది. గేజికి వచ్చే సన్న గొట్టం ఊడదీసి, చేతిపంపు తగిలించి, తన దగ్గరున్న నమ్మకమైన గేజిని పక్కన పెట్టి గాలి కొట్టింది. అది పది అంటే ఇదీ పది. అది ఇరవై అంటే ఇదీ ఇరవై. గేజి నూటికి నూరుపాళ్ళూ నిజమే చెబుతోంది. మరి పదిహేను దగ్గర ఎందుకు ఆగుతోంది? బండిని నిలబెట్టి ఎంత రేసు చేసినా ఏమీ తేలదు. లోడు మీద, మిట్ట మీదే టర్బో గట్టిగా పని చేస్తుంది. వైర్లమ్మ కొప్పు బిగించుకుని, పద బావా ఎక్కించు అని పక్క సీట్లో కూర్చుంది.

వీధి చివర పెట్రోలు బంకు దాటాక మిట్ట మొదలవుతుంది. బావ గేరు మార్చి తొక్కాడు. బూస్టు ముల్లు లేచింది. అయిదు, పది, పన్నెండు. సరిగ్గా పదిహేను దగ్గరకి వచ్చేసరికి బానెట్ కింద నుంచి ఒక చప్పుడు మొదలైంది. సన్నగా, కీచుగా, కుక్కరు పొంగి ఈల ఆపకుండా వేసినట్టు. ముల్లు అక్కడే ఆగింది. చప్పుడు మాత్రం ఆగలేదు, తొక్కినకొద్దీ పెరిగింది. రోడ్డు పక్కన సైకిలు తుడుచుకుంటున్న మనిషి తలెత్తి చూశాడు. ఒక కుక్క లేచి దూరంగా పరుగెత్తింది. వైర్లమ్మకి చెవులు గింగురుమన్నాయి. టర్బో నుంచి గాలి మోసుకుపోయే లావు గొట్టం ఎక్కడో చీలింది, ఇంకేం, పసిపిల్ల కూడా చెబుతుంది.

బావ ముల్లు వైపు వేలు చూపించాడు.

"చూశావా? ఇంజను కిక్కురుమనడం లేదు. ముల్లే ఊరికే ఆగిపోతోంది."

వైర్లమ్మ ఆయన మొహం చూసింది. వేళాకోళం కాదు. మామూలుగా, నెమ్మదిగా, తనకి పని నేర్పిన రోజుల్లో ఎలా ఉండేవాడో అలాగే ఉన్నాడు.

మిట్ట మీద బండి ఆపమని చెయ్యి ఊపింది. ఆపి, ఇంజను కట్టేశాడు. వైర్లమ్మ తన వైపు కిటికీలోకి మొహం తిప్పుకుని, మామూలు గొంతుతో, బావా నీ వెనక చక్రం ఊడి కిందకి దొర్లిపోతోంది అంది. కాసేపాగి తిరిగి చూసింది. బావ గుడ్డ తీసి గేజి అద్దం తుడుస్తున్నాడు.

ఎర్తు చూసింది, తీగ చూసింది, గొట్టం చూసింది, గేజిని ఇంకో గేజితో సరిపోల్చి చూసింది. చప్పుడులో తేడా లేదన్న ఆ మొదటి మాటని మాత్రం సరిచూసుకోవాలని ఆవిడకి తట్టనేలేదు. ఆ చెవుల్ని అనుమానించాలని ఎవరికి తడుతుంది? తన మీద తనకే అసహ్యం వేసింది. ఎనిమిది నెలలు ఈ మనిషిని తిట్టుకుంటూ పడుకుంది, తిట్టుకుంటూ లేచింది.

భుజం తట్టి, ఆయన తిరిగాక, గాలి గొట్టం చీలి బండి చెవులు పగిలేలా ఈల వేస్తోందని చెప్పి, అడిగింది.

"ఎప్పటినుంచి బావా?"

ఆయనకి అర్థమైంది. గుడ్డ మడత పెట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. అప్పుడు చెప్పాడు. ముందు టర్బో ఈల పోయిందట. బండే మారిందేమో అనుకున్నాడట. తర్వాత పిట్టలు పోయాయి, సైకిలు గంట పోయింది. లారీ హారను వినపడుతుంది, ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి సగం, విని సగం అర్థం చేసుకుంటాడు. ఆడవాళ్ళ గొంతు వెనక నుంచి వస్తే మాత్రం అసలు తెలియదు. ఇంజను మాట వినపడదని తెలిసిన వారమే గేజీలు కొన్నాడు, చెవి చేసే పని కంటితో చేసుకుందామని.

అక్కకి ఎందుకు చెప్పలేదని అడిగింది.

"మాట లక్ష్యపెట్టడనుకుంటే తిడుతుంది. చెవిటివాడని తెలిస్తే జాలిపడుతుంది. తిట్లు నాకు అలవాటే."

ఇంతటి మొండిఘటాన్ని కొట్టాలో ఏడవాలో వైర్లమ్మకి తెలియలేదు. అక్క ఆదివారం వెళ్ళేది నాలుగు రోజులకి కాదని, ఇక రాదని చెప్పేసింది. ఆయన రెండుసార్లు చెప్పించుకున్నాడు. రెండోసారి మొహంలో రక్తం లేదు. ఎందుకు అని అడిగాడు.

చెప్పాలని ఆవిడకి నోటిదాకా వచ్చింది. ఎనిమిది నెలలుగా ఈయన మొహాన కొట్టినట్టు అడగాలనుకున్న సంగతి అది. కానీ ఇప్పుడు తెలిసింది, ఈయనకి ఆ గడ్డ సంగతే తెలియదు. పరీక్షా తెలియదు, భయమూ తెలియదు, కాగితమూ తెలియదు. ఆ సాయంత్రం దాహం వేసి మంచినీళ్ళు అడిగాడు, అంతే. అది తను చెప్పాల్సిన మాట కాదు. అక్కనే అడగమంది, ముందు నీ సంగతి నువ్వు చెప్పి, తర్వాత అడగమంది.

బావ స్టీరింగు మీద రెండు చేతులూ వేసి రోడ్డు చూస్తూ కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన పెళ్ళాం దగ్గర ఏదీ చేతకాదని ఒప్పుకున్న మనిషి కాడు. చివరికి అడిగాడు.

"ఆ గొట్టం ఇవాళ్టికి మార్చకు. నా నోటితో చెప్పలేను. బండిని చెప్పనీ."

మధ్యాహ్నం అన్నాలయ్యాక వైర్లమ్మ అక్కని బయల్దేరదీసింది. బండి సరిగా ఉందో లేదో చూడాలి, మనిషి తోడు కావాలి అని ఏదో కథ అల్లింది. అబద్ధం చెప్పడం ఆవిడకి రాదు, అక్కకి అది తెలుసు. అయినా వచ్చింది. మధ్య సీట్లో కొంగు సర్దుకుని, భర్త భుజానికి తన భుజం తగలకుండా కూర్చుంది. కొత్త గొట్టం వైర్లమ్మ ఒళ్ళో ఉంది.

మిట్ట వచ్చింది. బావ గేరు మార్చాడు. ముల్లు పదిహేను దగ్గరకి రాగానే గొట్టం మళ్ళీ నోరు తెరిచింది. అక్క రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుంది. ఏమిటా గోల, ఆపమనవే, ఏదో పగిలిపోతోంది అని కంగారుపడింది. బావ ముల్లు చూడటం మానేసి పక్కకి తిరిగి చూశాడు. చెవుల మీద ఉన్న ఆవిడ చేతులు చూశాడు. అవి అలా ఎంత గట్టిగా నొక్కుకుని ఉన్నాయో చూశాడు.

బండి పక్కకి తీసి ఆపాడు. చప్పుడు పోయింది. అక్క చేతులు దించింది.

"నాకు వినపడలేదు," అన్నాడు బావ.

హాస్యం కాబోలు అనుకుంది అక్క. చెల్లెలి వైపు చూసింది. వైర్లమ్మ అవునన్నట్టు తల ఊపింది. ఎంత కాలం నుంచి అని అక్క అడిగింది. కానీ అలవాటు కొద్దీ ముందు అద్దంలోకి చూస్తూ అడిగింది. ఆవిడ ఆయన మొహం చూసి మాట్లాడటం ఎప్పుడో మానేసింది.

"ఇటు తిరిగి చెప్పు," అన్నాడాయన. "నువ్వు అటు తిరిగితే నాకేమీ తెలీదు. రెండేళ్ళుగా నాకేమీ తెలీదు."

అక్క ఆయన వైపు తిరిగింది. లోపల లెక్కలన్నీ ఒక్కొక్కటే వెనక్కి తిరుగుతున్నట్టు మొహం మారుతూ వచ్చింది. తలుపు దగ్గర నుంచి పిలిచిన పిలుపులు, పక్క గదిలో నుంచి అడిగిన ప్రశ్నలు, జవాబు రాక మింగేసిన మాటలు. అన్నిటి దగ్గరా ఆగి, చివరికి ఆ పొయ్యి దగ్గర నిలబడ్డ సాయంత్రం దాకా వెళ్ళింది కాబోలు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అయితే ఆ రోజు నేను చెప్పింది..." అని ఆగిపోయింది.

"ఏ రోజు? ఏం చెప్పావు?"

ఇక అక్కడ ఉండకూడదని వైర్లమ్మ గొట్టమూ స్పానరూ తీసుకుని దిగిపోయింది. వెళ్ళి బానెట్ ఎత్తింది. ఎత్తిన బానెట్ అద్దానికి అడ్డం వచ్చి, ఆ ఇద్దరూ ఈవిడకి కనపడలేదు. గొట్టం కిందివైపు జానెడు చీలిక. బండి నిలబడి ఉంటే మూసుకునే ఉంటుంది. క్లిప్పులు రెండు విప్పి, పాతది లాగి, కొత్తది తొడగడం పది నిమిషాల పని. ఆవిడ నెమ్మదిగా చేసింది. విప్పిన క్లిప్పు మళ్ళీ బిగించి మళ్ళీ విప్పింది.

కిటికీ అద్దాలు దించే ఉన్నాయి. అక్క గొంతు వినపడుతోంది. ఆస్పత్రి అంటోంది, గడ్డ అంటోంది. చెబుతూ చెబుతూ ఏడుపులో పెదాలు వణికి మాట ముద్దయిపోయింది. బావ ఏదో అడిగాడు. ఇప్పుడెలా ఉంది, ఇప్పుడేమైనా ఉందా అని అడుగుతున్నాడు. ఒకటికి నాలుగుసార్లు అదే అడుగుతున్నాడు. ఏడుపు మొహంలో ఆయనకి జవాబు చదవడం రావడం లేదని వైర్లమ్మకి అర్థమైంది. స్పానరు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

లోపల అక్క ముక్కు చీదింది. కొంగుతో మొహం శుభ్రంగా తుడుచుకుంది కాబోలు, గాజులు గలగలమన్నాయి. తర్వాత ఆవిడ గొంతు గట్టిగా, ఒక్కో మాటా విడదీస్తూ వచ్చింది.

"ఏమీ లేదు. నాకేమీ లేదని తేలింది. అర్థమైందా? కాకపోతే మళ్ళీ మొదటినుంచి చెబుతాను, నా మొహం చూడండి."